మడత చాకు: కథంతా కీలులోనే

రోజూ జేబులో వేసుకోడానికి ఒక మడత చాకు కొనాలని మన సాఫ్టువేరు వాళ్ళలో ఎవరికైనా బుద్ధి పుట్టిందనుకోండి, మొట్టమొదట చేసే పని ఏమిటో నాకు తెలుసు. ఒక స్ప్రెడ్‌షీటు తెరుస్తాడు. మొదటి కాలమ్‌లో స్టీలు పేరు, రెండో దాంట్లో రాక్‌వెల్ కాఠిన్యం, మూడో దాంట్లో బరువు, నాలుగో దాంట్లో ధర. వారం తిరిగేసరికి షీటులో నలభై వరసలు చేరతాయి, జేబులోకి చాకు మాత్రం రాదు. నా చుట్టూ ఇలాంటివాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్ళలో ఒకతను ఈమధ్య "గురూ, లాక్ గట్టిగా ఉండాలి, ఒంటిచేత్తో టక్కున తెరుచుకోవాలి, అలాంటిది ఒకటి చెప్పు. వచ్చే నెల లండన్ ఆన్‌సైట్ వెళ్తున్నా, అక్కడికి పట్టుకెళ్తా" అన్నాడు.

చక్కగా అడిగాడు. ఆ గట్టి లాకున్న చాకుని జేబులో వేసుకుని, ఎందుకు పెట్టుకున్నావంటే తగిన కారణం చెప్పలేక, లండన్ వీధిలో పోలీసుకి దొరికితే కేసు ఖాయం. ఇంజినీర్లు వందేళ్ళు కష్టపడి చాకుకి తెచ్చిన మంచి గుణాలే చట్టం కళ్ళకి దుర్గుణాలెలా అయ్యాయి? ఈ ప్రశ్నకి జవాబు స్టీలు కాలమ్‌లో దొరకదు. స్టీలు ముఖ్యం కాదని నేననను. కానీ మామూలు కత్తిలో లేనిదీ, మడత చాకులో ఉన్నదీ ఒక్కటే: బ్లేడుని పిడితో కలిపే కీలు. మడత చాకు చరిత్ర అంతా ఆ కీలు చుట్టూనే తిరిగింది. కొనేవాడు చూసుకోవాల్సింది కూడా ముందు దాన్నే.

కీలు మొదటి వెర్షన్ చాలా సింపుల్. పిడిలో ఒక గాడి, బ్లేడు మొదట్లో ఒక రంధ్రం, రెండిటినీ కలుపుతూ బిగించిన ఒక రివెట్టు. తెరిచిన బ్లేడు తెరిచినట్టు నిలబడేది కేవలం రాపిడి వల్ల. ఆస్ట్రియాలో హాల్‌స్టాట్ దగ్గర దొరికిన ఎముక పిడి మడత చాకుని క్రీ.పూ. 600-500 ప్రాంతానిదిగా చెబుతారు. రోమన్లు ఇంకాస్త ముందుకెళ్ళారు. కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియం మ్యూజియంలో క్రీ.శ. మూడో శతాబ్దపు వెండి పనిముట్టు ఒకటుంది. అందులో చాకు, చెంచా, ఫోర్కు, ములుకు, పుల్ల అన్నీ ఒకే పిడిలోకి మడుచుకుంటాయి. స్విస్ వాళ్ళకి పదహారు వందల ఏళ్ళ ముందే ఎవరో రోమన్ దొరగారు భోజనాల దగ్గర ఇది తీసి నలుగురికీ చూపించి మురిసిపోయి ఉంటాడు.

ఈ రాపిడి కీలు మనకేం కొత్త కాదు. మంగలి కత్తి చూడండి. రెండు చెక్కల మధ్య బ్లేడు, ఒక రివెట్టు, అంతే. స్ప్రింగు లేదు, లాకు లేదు. మరి గొంతు దగ్గర పెట్టే కత్తికి లాకు లేకపోతే ఎలా? గీసేటప్పుడు చెయ్యి అసలు పిడి మీద ఉండదు, బ్లేడు మెడ దగ్గరే వేళ్ళుంటాయి. పిడి అనేది అక్కడ నిజానికి ఒర మాత్రమే. వాడే పద్ధతిలోనే భద్రత ఉంది కాబట్టి యంత్రంలో పెట్టనక్కర్లేకపోయింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

అన్నట్టు "చాకు" మన మాట కాదు. హిందుస్తానీ ద్వారా వచ్చింది, అక్కడికి పారశీకం నుంచి, దాని వెనక టర్కీ జాతుల భాషలు. కత్తికి మనకి బోలెడు మాటలున్నాయి, అయినా జేబులో పట్టే ఈ చిన్నదానికి అరువు మాటే నిలిచింది. పారశీక రాతగాళ్ళకి రెల్లు కలం చెక్కుకోడానికి ప్రత్యేకంగా ఒక చిన్న కత్తి ఉండేది, పేరు కలంతరాష్. ఇంగ్లీషువాడి పెన్‌నైఫ్ కూడా అదే కథ: బాతు ఈక కలం రాసేకొద్దీ మొద్దుబారుతుంది, మాటిమాటికీ చెక్కాలి. మన తాటాకు గ్రంథాల దగ్గర కలం లేదు, గంటం ఉంది. ఆకు అంచు కోసి సమం చెయ్యడానికి చాకు, అక్షరం గియ్యడానికి గంటం. రెండూ ఒకే పిడిలోకి మడుచుకునే పనిముట్లు దక్షిణ భారతం నుంచి సేకరించినవి మ్యూజియాల్లో ఉన్నాయి. కాబట్టి చాకు రౌడీల వస్తువన్నది నిన్న మొన్నటి మాట. అంతకుముందు ఎంతో కాలం అది మునుషీగారి టేబుల్ మీది వస్తువు, అంటే మన కీబోర్డు జాతికి దగ్గరి చుట్టం.

రాపిడి కీలుతో ఇబ్బంది ఏమిటంటే అది అరుగుతుంది. ఏడాది వాడితే వదులవుతుంది, బ్లేడు తనంతట తానే ఊగుతుంది, జేబులో తెరుచుకుంటుంది. దీనికి మందు పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండులోని షెఫీల్డు పనివాళ్ళ చేతుల్లో బాగా స్థిరపడింది. పిడి వెన్ను పొడవునా ఒక ఉక్కు స్ప్రింగు పెట్టారు. బ్లేడు మొదట్లో చదును పక్కలు చెక్కారు. బ్లేడు తిప్పుతుంటే దాని మొదలు స్ప్రింగుని పైకెత్తుతుంది. పూర్తిగా తెరిచినచోటా పూర్తిగా మూసినచోటా చదును పక్క స్ప్రింగు కిందకొచ్చి టక్కుమని కూర్చుంటుంది. ఇది లాకు కాదు. గట్టిగా వెనక్కి నెడితే మడుచుకుంటుంది. కానీ పండు కోసేటప్పుడో పురికొస తెంపేటప్పుడో తొణకదు. ఇంగ్లీషులో దీన్ని స్లిప్‌జాయింట్ అంటారు. ఇవాళ్టికీ లోకంలో అతి మామూలు చాకుల్లో ఉన్నది ఈ కీలే.

స్టీలు పిచ్చి ఉన్నవాళ్ళకి ఇక్కడ ఒక పిట్టకథ. షెఫీల్డు పేరు మార్మోగడానికి కారణమైన మూస ఉక్కుని 1740ల్లో తయారుచేసిన బెంజమిన్ హంట్స్‌మన్ కత్తులవాడు కాదు, గడియారాలు చేసేవాడు. ఆయనకి కావలసింది గడియారం స్ప్రింగుకి మంచి ఉక్కు! అంటే చాకుకి గొప్ప స్టీలు కూడా స్ప్రింగు దారిలోనే వచ్చిందన్నమాట. మూసలో ఉక్కు తియ్యడం మన నిజామాబాదు వైపు కోనసముద్రంలో అంతకు చాలా ముందునుంచే ఉంది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో అక్కడికి వెళ్ళిన వాయ్సీ అనే ఇంగ్లీషాయన, ఆ ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చి కూర్చున్న వ్యాపారిని చూశానని రాశాడు. మనవాళ్ళు ఉక్కు దిమ్మలు అమ్మారు, పారశీకులు వాటితో కత్తులు చేసి పేరు కొట్టేశారు. ముడిసరుకు మనది, బ్రాండు వాళ్ళది. ఎక్కడో విన్నట్టుంది కదూ :)

షెఫీల్డులో తయారైన బార్లో అనే చవక చాకు అమెరికా పిల్లలదాకా పాకింది. మార్క్ ట్వెయిన్ 1876లో వేసిన టామ్ సాయర్ పుస్తకంలో, బైబిలు పద్యాలు వల్లెవేసినందుకు టామ్‌కి దొరికే బహుమతి పన్నెండున్నర సెంట్ల బార్లో చాకే. పిల్లాడి చేతికి చాకు ఇవ్వడం అప్పట్లో ముద్దు. ఈ చవకకి ఖరీదు కట్టినవాళ్ళు మాత్రం వేరే. సానరాయి దగ్గర రాతిపొడీ లోహపు పొడీ పీల్చి షెఫీల్డు సానపట్టేవాళ్ళు నడివయసు చూడకుండానే పోయేవారు. నీళ్ళు లేకుండా పొడిసాన పట్టేవాళ్ళ గతి మరీ ఘోరం. ఇంకోపక్క అదే ఊళ్ళో జోసెఫ్ రాడ్జర్స్ కంపెనీ 1822లో 1822 బ్లేడుల చాకు చేసి, ఏడాదికో బ్లేడు చేరుస్తూ పోయింది. క్లయింటు అడగని ఫీచర్లు పెట్టుకుంటూ పోవడం మన కాలంలో పుట్టిన రోగం కాదు.

బ్లేడు గురించి బ్లేడు వేస్తున్నానని అనుకోకపోతే, 1890 దగ్గర కాసేపు ఆగుదాం. ఆ దశాబ్దంలో మూడు దేశాల్లో మూడు చాకులు పుట్టాయి. మూడూ ఇవాళ్టికీ దొరుకుతున్నాయి.

ఒకటి ఫ్రాన్సులో సవోయ్ కొండల్లో. గొడ్డళ్ళు, కొడవళ్ళు చేసే ఇంట్లో పుట్టిన జోసెఫ్ ఒపినెల్‌కి పద్దెనిమిదేళ్ళు. ఊరి రైతుల కోసం కొయ్య పిడితో మడత చాకు చేశాడు. కొయ్యలో గాడి, బ్లేడు, ఒక మేకు, మెడ చుట్టూ లోహపు పట్టీ. రోమన్ కాలపు రాపిడి కీలే! 1897కల్లా 1 నుంచి 12 దాకా నంబర్లతో పన్నెండు సైజులు పెట్టాడు. వానకి కొయ్య ఉబ్బి బ్లేడు బిగుసుకుపోతే రైతులు పిడి మడమని బల్లకేసి టక్కున కొట్టి తెరిచేవారు. ఇది లోపమా గుణమా అని ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోలేదు, తరాల తరబడి కొట్టారు, తెరిచారు.

రెండోది జపాన్‌లో మికి ఊళ్ళో పుట్టిన హిగోనోకామి. మడిచిన ఇనప రేకు పిడి, ఒక బ్లేడు, బ్లేడు వెనక తోకలా పొడుచుకొచ్చిన చిన్న మీట. స్ప్రింగు లేదు. వాడేటప్పుడు బొటనవేలు ఆ మీట మీద ఉంటుంది కాబట్టి బ్లేడు మడుచుకోదు. మంగలి కత్తి దగ్గర చెప్పిన సంగతి చూడండి, లాకు పని వేలే చేస్తోంది. జపాన్ బడిపిల్లలందరి జేబులోనూ పెన్సిలు చెక్కడానికి ఇదే. 1960 అక్టోబరు 12న సోషలిస్టు నాయకుడు అసనుమాని టోక్యోలో వేదిక మీదే ఒక పదిహేడేళ్ళ కుర్రాడు పొడిచి చంపాడు, దాన్ని టీవీలో దేశమంతా చూసింది. అతను వాడింది పొట్టి ఖడ్గం, హిగోనోకామి కాదు. అయినా "పిల్లల చేతిలో కత్తులొద్దు" అనే ఉద్యమం వచ్చి బళ్ళలోంచి ఈ చాకులు పోయాయి, పెన్సిలు చెక్కే మరలొచ్చాయి. ఒక ఊరినిండా ఉన్న తయారీదార్లలో ఆ పేరుతో చేసే హక్కున్న కార్ఖానా ఇప్పుడు ఒక్కటే మిగిలింది. భయం వస్తువు కొలతలు చూడదని ఇంతకన్నా బాగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు.

మూడోది మీకందరికీ తెలిసినదే. స్విస్ సైన్యం 1889 మోడల్ తుపాకీ తీసుకుంది. దాన్ని విప్పడానికి స్క్రూడ్రైవరు కావాలి. సైనికుడికి డబ్బా తిండి ఇస్తారు, మూత కొయ్యాలి. అందుకని బ్లేడు, స్క్రూడ్రైవరు, డబ్బా ఓపెనరు, రంధ్రాలు పొడిచే ములుకు ఉన్న చాకు కావాలన్నారు. మొదటి 15,000 చాకులు జర్మనీలోని సోలింగెన్ నుంచి వచ్చాయి, ఎందుకంటే స్విస్‌లో అంత పెద్ద ఎత్తున చేసే దిక్కులేదు. ఇబాక్ ఊళ్ళో దుకాణం నడిపే కార్ల్ ఎల్సెనర్‌కి ఇది నామోషీ అనిపించి 1891లో తానూ సరఫరా మొదలుపెట్టాడు, దివాళా అంచుదాకా వెళ్ళాడు.

అతన్ని బతికించింది దేశభక్తి కాదు, స్ప్రింగు. సైనికుడి చాకు బరువుగా, మొరటుగా ఉంది. తేలిగ్గా ఉండి ఇంకా ఎక్కువ పనిముట్లు పట్టాలి. మామూలుగా పనిముట్టు చేరిస్తే స్ప్రింగు చేర్చాలి, స్ప్రింగు చేరిస్తే మందం పెరుగుతుంది. ఎల్సెనర్ ఒకే స్ప్రింగుని రెండు వైపులా పని చేయించాడు: ముందు వైపు బ్లేడు, వెన్ను వైపు బిరడా తీసే మర, రెండూ అదే స్ప్రింగు మీద వాలతాయి. 1897 జూన్ 12న దీన్ని రిజిస్టరు చేయించాడు. అదే ఆఫీసర్ చాకు. తమాషా ఏమిటంటే సైన్యం దాన్ని అధికారికంగా ఇవ్వలేదు, ఆఫీసర్లు సొంత డబ్బుతో కొనుక్కున్నారు. 1909లో తల్లి విక్టోరియా పోతే ఆవిడ పేరు బ్రాండుకి పెట్టాడు, 1921లో తుప్పుపట్టని ఉక్కు వచ్చాక "ఇనాక్స్" తోక తగిలి విక్టోరినాక్స్ అయింది. ఉన్న వనరుతోనే రెండింతలు పని చేయించిన ఆ ఒక్క స్ప్రింగుని నేను లక్ష లైన్ల కోడుకన్నా ఎక్కువ గౌరవిస్తాను.

ఇక లాకు. స్లిప్‌జాయింట్ గట్టిగా నెడితే మడుచుకుంటుందన్నాను కదా. వేటగాడికి, చెక్కపని చేసేవాడికి అది వేళ్ళ మీదకొస్తుంది. లాకులు పాతవే, స్పెయిన్ నవాహాల్లో పళ్ళచక్రం లాకు ఎప్పట్నుంచో ఉంది. తెరుస్తుంటే టకటకటకమని చప్పుడు చేస్తుంది కాబట్టి దాన్నే "కర్రాకా" అనేవారు. సాధారణ జనంలోకి లాకు వచ్చింది ఇరవయ్యో శతాబ్దం మధ్యలోనే. 1955లో మార్సెల్ ఒపినెల్ మెడ చుట్టూ తిరిగే ఉంగరం పెట్టాడు. 1964లో అమెరికాలో బక్ కంపెనీ 110 మోడల్ తెచ్చింది, వెన్ను మీద నొక్కితే తప్ప మడుచుకోదు. ఇత్తడి తలలు, బరువు, నడుముకి తోలు ఒర, దాదాపు మామూలు కత్తంత భరోసా. 1981లో కొలరాడోకి చెందిన స్పైడెర్కో కంపెనీ బ్లేడుకి ఒక రంధ్రం, పిడికి ఒక క్లిప్పు పెట్టింది. రంధ్రంలో బొటనవేలు పెట్టి తోస్తే ఒంటిచేత్తో తెరుచుకుంటుంది. క్లిప్పు వల్ల చాకు జేబు అడుగున చిల్లరలో కాకుండా జేబు అంచున వేలాడుతుంది. ఇవాళ "రోజూ వెంట ఉండేది" అని ఇంటర్నెట్ నిండా ఫోటోలు పెట్టుకునే సంస్కృతి మొత్తానికి మూలం ఆ క్లిప్పేనని నా అభిప్రాయం. అప్పటిదాకా చాకు ఎవరికీ కనపడేది కాదు. జేబులో ఉన్నది కనపడటం మొదలయ్యాక అది వాచీలాంటి వస్తువైపోయింది.

వేళ్ళకి భద్రత, చేతికి సౌలభ్యం. ఇంజినీరు చూపుతో చూస్తే సమస్య తీరిపోయింది. పోలీసు చూపుతో చూస్తే అప్పుడే మొదలైంది. ఎందుకంటే ఎదుటివాడికి చాకు ఎప్పుడు భయం పుట్టిస్తుంది? ఒక్క విదిలింపుతో తెరుచుకున్నప్పుడు, పొడిస్తే మడుచుకోనప్పుడు. సరిగ్గా ఆ రెండు ఫీచర్లే!

1950ల్లో అమెరికాలో బటన్ నొక్కితే తెరుచుకునే చాకు మీద పత్రికలూ సినిమాలూ ఊదరగొట్టాయి. 1957లో వచ్చిన 12 యాంగ్రీ మెన్ చూశారు కదా, బల్ల మీద గుచ్చిన చాకు అదే రకం. 1958లో ఫెడరల్ చట్టంతో రాష్ట్రాల మధ్య వాటి వ్యాపారం ఆపారు. ఆ రోజుల్లోనే న్యూయార్కు రాష్ట్రం ఇంకో అడుగు వేసి, బరువుతోగానీ విసురుతోగానీ తెరుచుకునే "గ్రావిటీ నైఫ్" దగ్గరుంటేనే నేరమంది. పోలీసు పరీక్ష ఏమిటంటే మణికట్టు విదిలించి చూడటం. బ్లేడు బయటికొస్తే జైలు. దశాబ్దాల తర్వాత ఒంటిచేతి చాకులు హార్డ్‌వేర్ షాపుల్లో మామూలుగా అమ్ముతుంటే, కొనుక్కున్న కార్పెంటర్లు, స్టేజీ పనివాళ్ళు, గోదాము కూలీలు వేలమంది ఈ పరీక్షలో దొరికారు. వాళ్ళలో ఎక్కువమంది నల్లవాళ్ళు, లాటినోలు. వాడి వాడి కీలు కొంచెం వదులైతే చాలు, నిన్నటి పనిముట్టు ఇవాళ ఆయుధం. చాకు మారలేదు, మనిషి మారలేదు, రివెట్టు అరిగింది. 2019లోగానీ ఆ చట్టం పోలేదు.

బ్రిటన్ దారి వేరు. 1988 చట్టం ప్రకారం బహిరంగ ప్రదేశంలో తగిన కారణం లేకుండా బ్లేడున్నది ఏదీ పెట్టుకోకూడదు. మడత చాకుకి మినహాయింపు ఉంది, పదును 3 అంగుళాలు దాటకపోతే. లాకున్న మడత చాకు సంగతి? అది మడత చాకే కాదని 1990ల మొదట్లో కోర్టు తేల్చింది, ఎప్పుడంటే అప్పుడు వెంటనే మడవగలిగితేనే మడత చాకు అట. కాబట్టి వేళ్ళు కాపాడే లాకు పెట్టిన మరుక్షణం అది కత్తుల వర్గంలోకి పోయింది. తయారీదార్లు కూడా తక్కువ తినలేదు. స్పైడెర్కో వాళ్ళు బ్రిటన్ కోసమే లాకు తీసేసి, పాత షెఫీల్డు పద్ధతి స్లిప్‌జాయింట్‌తో ఒక మోడల్ చేసి దాని పేర్లోనే దేశం పేరు పెట్టారు. కస్టమర్ రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటు రాసింది పార్లమెంటు!

జర్మనీది ఇంకా వింత. 2008 ఏప్రిల్ నుంచి ఒంటిచేత్తో తెరుచుకుని లాకు పడే చాకుని తగిన కారణం లేకుండా వెంట తిప్పుకోకూడదన్నారు. అదే 2008లో స్విస్ సైన్యం తన కొత్త సైనికుడి చాకుని ఎంచుకుంది. ఎలాంటిదంటారా? ఒంటిచేత్తో తెరుచుకుని లాకు పడేది. సరిహద్దుకి ఇవతల అది సైన్యం ఇచ్చే పనిముట్టు, అవతల జేబులో ఉంటే జవాబు చెప్పుకోవాల్సిన వస్తువు. 2024 ఆగస్టులో సోలింగెన్ ఊరి 650 ఏళ్ళ పండగలో కత్తి దాడి జరిగి ముగ్గురు చనిపోయారు. తరతరాలుగా లోకానికి కత్తులు చేసిపెట్టిన ఊరది. అక్టోబరు చివరికల్లా జర్మనీ చట్టం ఇంకా బిగించింది, జాతరల్లాంటి చోట్ల మినహాయింపుల్లోకి వస్తే తప్ప ఏ కత్తీ కూడదంది. ఆ ముగ్గురి ఇళ్ళవాళ్ళకి వెళ్ళి కీళ్ళ గురించి ఉపన్యాసం ఇవ్వలేం. చట్టాలు చేసేవాళ్ళని వెక్కిరించడం తేలిక, వాళ్ళ కుర్చీలో కూర్చుంటే తెలుస్తుంది.

విమానాల సంగతి అందరికీ తెలుసు. 2001 సెప్టెంబరు 11కి ముందు అమెరికా విమానాల్లో 4 అంగుళాలలోపు బ్లేడు చేతిసంచిలో ఉండొచ్చు. ఆ తర్వాత ఏదీ లేదు. 2013 మార్చిలో, 6 సెంటీమీటర్లలోపు, లాకు లేని చాకుల్ని అనుమతిస్తామని అక్కడి భద్రతా సంస్థ ప్రకటించింది. విమాన సిబ్బంది గొడవ చేస్తే జూన్‌లో వెనక్కి తీసుకుంది. 2001 దెబ్బకి విక్టోరినాక్స్‌కి ఎయిర్‌పోర్టు దుకాణాల్లో అమ్మకాలు కుప్పకూలాయి. వాళ్ళు ఎవర్నీ తీసెయ్యలేదు, పనిలేని వాళ్ళని చుట్టుపక్కల కంపెనీలకి కొన్నాళ్ళు అప్పిచ్చారు. బెంచి మీద కూర్చోబెట్టి మూడోనెల హెచ్‌ఆర్ చేత మెయిలు పెట్టించడం ఒక్కటే దారి కాదన్నమాట.

మన దగ్గర? 1959 ఆయుధాల చట్టం కింద వచ్చిన నిబంధనలు 9 అంగుళాలకన్నా పొడవు లేదా 2 అంగుళాలకన్నా వెడల్పున్న బ్లేడుల గురించి మాట్లాడతాయి, ఇంటిపనికీ సేద్యానికీ పరిశ్రమకీ చేసినవాటిని వదిలేస్తాయి. కత్తిపీట ఉన్న ప్రతి ఇల్లాలినీ అరెస్టు చెయ్యలేరుగా. ఢిల్లీలో మాత్రం 1980 అక్టోబరులో ఒక నోటిఫికేషన్ వచ్చింది: స్ప్రింగుతో, బటన్‌తో, గరారీతో తెరుచుకునే, మూసుకునే చాకులు, బ్లేడు 7.62 సెంటీమీటర్లు పొడవు, 1.72 సెంటీమీటర్లు వెడల్పు ఉంటే కూడదని. గరారీ అంటే పళ్ళచక్రం, స్పెయిన్‌లో టకటకలాడిన కర్రాకాయే. 7.62 సెంటీమీటర్లంటే సరిగ్గా 3 అంగుళాలు. బ్రిటన్ చట్టం ఆ అంకెకి వచ్చింది ఇంకో ఎనిమిదేళ్ళకి.

ఆ నోటిఫికేషన్ వెనక ఎవరి నీడ ఉందో హిందీ సినిమాలు చూసిన ఎవరైనా చెబుతారు: రాంపురీ. ఉత్తరప్రదేశ్‌లో రాంపూర్ పనివాళ్ళ చాకు. 1965లో వచ్చిన వక్త్ సినిమాలో రాజ్‌కుమార్ చాకు గురించి చెప్పే మాట ఇవాళ్టికీ జనం నోట్లో ఉంది. ఆ సినిమాల పుణ్యమా అని మన తెలుగు విలన్ల చేతుల్లోకీ బటన్ చాకు వచ్చేసింది, చాకు అన్న మాటకే పరువు పోయింది. మా తాతయ్య పొగాకు కాడ కొయ్యడానికీ, తోటలో మామిడికాయ చెక్కడానికీ పంచె ముడిలో చిన్న చాకు పెట్టుకుని తిరిగేవారు, ఊళ్ళో ఎవరూ ఆయన్ని వింతగా చూడలేదు. నేను ఆఫీసు ప్యాంట్రీలో యాపిల్ కోస్తే నలుగురు తలలు తిప్పి చూస్తారు. 2023లో రాంపూర్ వాళ్ళు కూడలిలో ఆరు మీటర్ల చాకు నిలబెట్టారు. విగ్రహమైతే లేచింది, అది చేసే చేతులు మాత్రం ఆ ఊళ్ళో బాగా తగ్గిపోయాయి.

సరే, ఇప్పుడు కొనే సంగతి. ఒంటిచేత్తో తెరవడం నిజంగా ఎవరికి కావాలి? నిచ్చెన మీద ఉన్నవాడికి, తాడు పట్టుకున్నవాడికి. మన తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు వీళ్ళందరికన్నా ఎత్తున ఒంటిచేత్తో పని చేస్తాడు, ఆయన మడత చాకు పెట్టుకోడు, నడుముకి నిలువు కత్తే. నిజంగా లాకు అవసరమయ్యే పనికి అసలు మడవని కత్తి ఇంకా మేలని ఆయనకి తెలుసు. మన పనేమిటి? కొరియర్ డబ్బా, పండు, వైరు తొక్క, చొక్కాకి వేలాడే దారం. వీటిలో ఏదీ బ్లేడుని వెనక్కి నెట్టదు, రెండు చేతులూ ఖాళీగానే ఉంటాయి. షెఫీల్డువాడి స్ప్రింగు చాలు.

అందుకే నా ఓటు స్లిప్‌జాయింట్‌కి, బ్లేడు 3 అంగుళాలలోపు, గోటితో పట్టి రెండు చేతులా తెరిచేది. చట్టానికీ వేళ్ళకీ మధ్య అడకత్తెరలో పోకచెక్కలా నలగక్కర్లేదు. 84 లేక 91 మిల్లీమీటర్ల పిడి ఉన్న స్విస్ చాకు ఏదైనా ఈ లెక్కలోకి వస్తుంది. దాని స్టీలు మెత్తన, రాక్‌వెల్ 56 అటూఇటూ, స్ప్రెడ్‌షీటులో అడుగున ఉంటుంది. కానీ సానరాయి మీద అయిదు నిమిషాల్లో పదునెక్కుతుంది, నిమ్మకాయ కోసి మర్చిపోయినా తుప్పుపట్టదు. పల్లెలో తోటపని ఉంటే, లేక కొయ్య పిడి అందం కావాలంటే ఒపినెల్ 8 నంబరు తీసుకోండి. కార్బన్ స్టీలుది మామిడికాయ పులుపుకి నల్లబడుతుంది, తుడిచిపెట్టుకోవాలి. దాని బ్లేడు మూడంగుళాలు దాటుతుంది, పైగా ఉంగరం కూడా లాకే, లండన్ వెళ్ళే మా వాడికి పనికిరాదు. వాడికి రెండు బ్లేడుల చిన్న స్విస్ చాకు చెప్పాను, చెక్-ఇన్ సామానులో వేసుకోమని కూడా చెప్పాను. "ఇంతేనా, మా నాన్న దగ్గర ఉండేది ఇలాంటిదే కదా" అన్నాడు. అవును, అలాంటిదే.

షాపులో కొనేటప్పుడు స్టీలు ముద్ర చూడ్డం ఆపి బ్లేడుని సగం తెరిచి పక్కలకి ఊపి చూడండి. కదలకూడదు. పూర్తిగా తెరిచినప్పుడు చప్పుడు పొడిగా ఒక్కటే రావాలి. వెలుగుకెత్తి పట్టుకుంటే స్ప్రింగుకీ బ్లేడు మొదలుకీ మధ్య వెలుతురు కనపడకూడదు. ఇంటికొచ్చాక కీలులో కొబ్బరినూనె పొయ్యకండి, చలికాలం గడ్డకడుతుంది. వంటనూనె జిగురు పడుతుంది. కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క చాలు. నాలుగుసార్లు తెరిచి మూసి, బయటికొచ్చే నల్లటి నూనెని గుడ్డతో శుభ్రంగా తుడిచేస్తే ఆర్నెల్లదాకా కిర్రుమనదు.